బీరువాలో మాత్రలు, కుండలో తరవాణి

ఫ్లోరెన్స్ టీచరుకి గ్యాస్ అని మా బస్సులో తెలియనివాళ్ళు లేరు. నందిగామలో ఎక్కి చిల్లకల్లులో దిగేలోపు ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, కిటికీ వైపు తిరిగి గాలి పీల్చుకుంటూ ఉండేది. కండక్టరు వెంకట్ ముందే కేకేసేవాడు, "టీచరు గారికి కిటికీ సీటివ్వండయ్యా, గ్యాస్ మనిషి" అని. ఇన్నేళ్ళ సర్వీసులో ఆవిడ సంపాదించుకున్న బిరుదు అదొక్కటే.

ఇద్దరం ఉండేది నందిగామలోనే, పనిచేసేది ఒకే బళ్ళో. చిల్లకల్లులో దిగి, ఆటో ఎక్కి ఇంకాస్త లోపలికి వెళ్ళాలి. ఇద్దరే టీచర్లం, ఐదు తరగతులు. పాఠం చెప్పడం మా పనుల్లో ఒకటి మాత్రమే. కోడిగుడ్ల ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు, మా ముఖాల ఫొటోలు అన్నీ ఫోన్లోకి ఎక్కించాక, ఓపిక మిగిలితే పిల్లల వైపు తిరుగుతాం. నాకు ఈ ఉద్యోగం మీద చెడ్డ కోపం. నా గురించి, రాజ్యశ్రీ మేడమ్ నోరు మంచిది కాదని మండలమంతా చెప్పుకుంటారు, అది నిజమే. ఫ్లోరెన్స్‌కి మాత్రం కోపం కూడా వచ్చేది కాదు. కోపం రావాలన్నా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి కదా.

ఆవిడది చెవిటికల్లు. తండ్రి జ్ఞానయ్య ఏటి ఒడ్డు పొలాల్లో కూలికి వెళ్ళి కూతుర్ని టీచర్ ట్రైనింగ్ చదివించాడు. ఆవిడ కష్టపడి చదివింది, ఉద్యోగం తెచ్చుకుంది, కరెంటాఫీసులో పనిచేసే ఆశీర్వాదం గారిని చేసుకుంది. ఆయన వాళ్ళ సంఘానికి పెద్ద. మంచి మనిషి. తాగడు, అరవడు, ఎవరింట్లో జబ్బని తెలిసినా బైబిలు పట్టుకుని వెళ్ళి ప్రార్థన చేసి వస్తాడు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో బాగానే చదువుకుంటున్నారు. ఆవిడకి కష్టమేమిటి అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఏమీ దొరకదు. ఏమీ లేకపోయినా పొద్దున్నే లేవబుద్ధి కాదు, తిన్నది అరగదు, నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది. ఇలాంటివన్నీ కలిపి మా వైపు గ్యాస్ అంటారు.

ఆ గ్యాస్‌కి ఆవిడ చేయని వైద్యం లేదు. వాము నమిలింది, జీలకర్ర కషాయం తాగింది, గోలీసోడా తాగింది. జగ్గయ్యపేటలో ఒక ఆర్ఎంపీ దగ్గరికి వెళితే చిన్న కవర్లో రంగురంగుల మాత్రల సెట్టు కట్టి ఇచ్చేవాడు. అందులో ఒకటి గ్యాస్‌ది, ఒకటి విటమిన్, ఒకటి తప్పకుండా యాంటీబయాటిక్. జలుబుకీ అదే సెట్టు, నీరసానికీ అదే సెట్టు. ఏళ్ళ తరబడి అలా మింగింది. వద్దని నేనూ చెప్పలేదు, ఆ సెట్లు నేనూ మింగినదాన్నే.

ఒకరోజు ఆవిడ బోర్డు మీద తీసివేతలు రాస్తూ మధ్యలో ఆగిపోయింది. చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడింది. పిల్లలు మొదట గోల చేశారు, తర్వాత భయపడి నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది.

"గ్యాసా?" అన్నాను.

"కాదేమోనండి," అంది. "పిల్లల వంక చూస్తున్నా, మా పిల్లలు గుర్తొస్తున్నారు, అయినా ఎవరూ నావాళ్ళు కాదనిపిస్తోంది. నేను లేకపోయినా ఏం కాదనిపిస్తోందండి."

నాకు భయమేసింది. ఆ శనివారమే ఆవిణ్ణి విజయవాడ తీసుకెళ్ళాను. పొట్ట డాక్టరు గొట్టం వేసి చూసి, లోపల అంతా బాగానే ఉందన్నాడు. ఎప్పట్నుంచి నిద్ర లేదు, ఏడుపు వస్తుందా అని అడిగి, అదే బిల్డింగులో పై అంతస్తులో ఉండే డాక్టరమ్మకి చీటీ రాసిచ్చాడు. మానసిక వైద్యం అని ఉన్న ఆవిడ బోర్డు చూడగానే ఫ్లోరెన్స్ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"పైకెళితే పిచ్చి డాక్టరంటారండి. ఎవరైనా చూస్తే?"

"చూడనివ్వండి. నేనూ వస్తున్నాగా, పిచ్చి నాదనుకుంటారు," అని చెయ్యి పట్టుకుని ఎక్కించాను.

ఆ డాక్టరమ్మకి మా వయసే ఉంటుంది. తొందరపడకుండా అంతా విన్నది. ఇది డిప్రెషన్, దానితోపాటు ఆందోళన కూడా ఉంది, మీ తప్పు వల్ల వచ్చింది కాదు అంది. ఫ్లోరెన్స్ మాట పొట్ట దగ్గర్నుంచి కదల్లేదు. "మరి నా కడుపు సంగతేంటండి? మొదలైంది అక్కడే కదా," అని అడుగుతూనే ఉంది. డాక్టరమ్మ విసుక్కోలేదు.

"కడుపుకీ మనసుకీ సంబంధం ఉందమ్మా. మన పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు బతుకుతుంటాయి. అవి తయారుచేసేవి కొన్ని రక్తంలో కలుస్తాయి, పేగుల నుంచి మెదడుకి పెద్ద నరం ఒకటి ఉంది, అట్లా ఇక్కడి సంగతి అక్కడికి, అక్కడి సంగతి ఇక్కడికి తెలుస్తూనే ఉంటుంది. డిప్రెషన్ ఉన్నవాళ్ళ పేగుల్లో ఆ జీవులు కొంచెం తేడాగా ఉన్నాయని చూశారు. అయితే ఆ తేడా వల్ల దిగులొచ్చిందా, దిగులుతో తిండీ నిద్రా పోయి ఆ తేడా వచ్చిందా, ఇంకా తేలలేదు. మీరు మింగిన యాంటీబయాటిక్కులు మాత్రం చెడ్డవాటితోపాటు మంచివాటినీ చంపుతాయి. అవసరం లేకుండా ఇంక వాడకండి."

"అయితే పెరుగు తింటే పోతుందాండి?"

"పోతుందని నేను చెప్పను. ప్రోబయాటిక్స్ ఇచ్చి చూసినవాళ్ళున్నారు. మాత్రలతోపాటు ఇస్తే కొందరికి కాస్త మేలు కనిపించింది. అవన్నీ చిన్న చిన్న పరీక్షలు. ఏ రకం, ఎంత, ఎవరికి అన్నది ఎవరూ ఖాయంగా చెప్పలేరు. మీ ఇంటి పెరుగులో ఆ రకాలే ఉన్నాయనీ చెప్పలేం. తినండి, మంచిదే. మాత్ర మాత్రం నేను చెప్పేదాకా మానొద్దు."

నాకు ఇందులో చివరి మాట వినపడింది, ఫ్లోరెన్స్‌కి మొదటి మాట వినపడింది. బస్సులో నందిగామ వచ్చేదాకా ఆవిడ ముఖంలో ఏదో తేలిక. జబ్బు తలలో లేదు, పొట్టలో ఉంది. అలా అయితే ఇంట్లో చెప్పుకోవచ్చు.

అలాగే చెప్పింది. పొట్టలో మంచి బ్యాక్టీరియా తగ్గిపోయిందట, దానివల్లే నీరసమట అని ఆశీర్వాదం గారికి చెప్పింది. పై అంతస్తు గురించి చెప్పలేదు. నందిగామ మెడికల్ షాపులో అందరి ముందూ పెరుగు బ్యాక్టీరియా పొడి ప్యాకెట్లు అడిగి తీసుకునేది. అసలు మాత్రల కోసం మాత్రం బడి అయ్యాక నన్ను వెంటబెట్టుకుని జగ్గయ్యపేట దాకా వెళ్ళేది. అక్కడైతే సంఘంవాళ్ళు కనపడరు. ఆ మాత్రలు బళ్ళో ఇనప బీరువాలో, చాక్‌పీసుల డబ్బా వెనకాల దాచింది. మధ్యాహ్నం భోజనమయ్యాక తలుపు చాటుకి వెళ్ళి వేసుకునేది. ఆదివారాలకీ సెలవులకీ ఒకటీ అరా హ్యాండ్‌బ్యాగు అడుగున పెట్టుకెళ్ళేది.

"మీ ఆయనకి చెబితే కొడతాడా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"ఆయన ఊరందరి కోసం మోకాళ్ళ మీద ఉంటారండి. ఇంట్లో పెళ్ళామే ఇట్లాంటి మాత్రలు మింగుతుందంటే ఆయన ప్రార్థనకి విలువేం ఉంటుంది?" అంది.

ఇంట్లో తరవాణి కుండ కూడా పెట్టింది. వార్చిన గంజీ, మిగిలిన మెతుకులూ కుండలో పోసి పులియబెట్టి, ఆ పుల్లటి నీళ్ళతో అన్నం తినడం. చెవిటికల్లులో వాళ్ళమ్మ పొలానికి పోయేముందు తాగించేదట. ఇప్పుడు పెట్టే ఇళ్ళు బాగా తక్కువ, వాసనని ముక్కు మూసుకుంటారు. వాళ్ళ అక్కయ్య కుండలోంచి పాత పులుపు ఒక సీసాలో తెచ్చుకుని ఆవిడ కొత్త కుండకి పోసింది. నాక్కూడా స్టీలు డబ్బాలో తెచ్చేది. తాగితే చల్లగా, హాయిగానే ఉండేది.

నెలలు గడిచాక ఆవిడలో మార్పు వచ్చింది. పెద్ద మార్పేమీ కాదు. కిటికీ సీటు లేకపోయినా కూర్చోగలిగేది. రెండో తరగతి పిల్లాడు అన్న ఏదో మాటకి నవ్వింది, ఆ నవ్వు విని నేనే పక్క గదిలోంచి వచ్చి చూశాను. మాత్రలా, తరవాణా, డాక్టరమ్మతో మాట్లాడటమా, ఆర్ఎంపీ సెట్లు మానడమా అంటే నేను చెప్పలేను. మాత్ర మాత్రం ఒక్కపూట మానలేదు, అది నాకు తెలుసు.

అప్పుడు ఆశీర్వాదం గారు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. మేలు జరిగితే సంఘాన్ని ఇంటికి పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేసి, భోజనాలు పెట్టడం వాళ్ళ పద్ధతి. నన్నూ పిలిచారు. మేలు పొందినవాళ్ళు లేచి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. డాక్టర్లు చేతులెత్తేశారు, దేవుడు ముట్టి బాగుచేశాడు అంటే జనం స్తోత్రం అంటారు. డాక్టరు బాగా చూసింది, మాత్ర పనిచేసింది అంటే ఎవరూ ఏమీ అనరు. మా ఇళ్ళల్లో మాత్రం వేరా? మా అత్తగారి మోకాలి ఆపరేషన్ చేసింది విజయవాడ డాక్టరు, మొక్కు చెల్లించింది వేదాద్రి స్వామికి.

ఫ్లోరెన్స్ తలమీద కొంగు కప్పుకుని లేచింది. ఎంత వేదన పడిందో చెప్పింది, నిజమే చెప్పింది. కడుపులో మంచి సూక్ష్మజీవులుంటే మనసు బాగుంటుందని డాక్టర్లే ఒప్పుకుంటున్నారని చెప్పింది. "మా అమ్మ పోసిన తరవాణినే దేవుడు నాకు మందుగా చూపించాడు," అంది.

సంతోషం పట్టలేక ఆశీర్వాదం గారు పక్కనుంచి అందుకున్నారు. "ఏ మాత్రా లేకుండా!"

"స్తోత్రం," అన్నారందరూ.

ఫ్లోరెన్స్ నా వంక చూసింది. నేను కళ్ళు పెద్దవి చేశాను. ఆవిడ తల దించుకుని, "ఆమెన్," అని కూర్చుంది.

గుమ్మం దగ్గర రూబీ అని ఒక పిల్ల కూర్చుని ఉంది. ఒళ్ళో నెలల పాప. కాన్పయ్యాక ఆ పిల్లకి దిగులు పట్టుకుందని, పుట్టింటివాళ్ళు డాక్టరుకి చూపిస్తే మాత్రలు రాశాడని అక్కడే ఎవరో అన్నారు. భోజనాల దగ్గర వాళ్ళ అత్త లూర్దమ్మ ఫ్లోరెన్స్ చేతులు పట్టుకుని తరవాణి అడిగింది. ఫ్లోరెన్స్ కుండలోంచి ఒక సీసా నింపి ఇచ్చింది. మాత్రల సంగతి ఆ పూట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత కొన్ని వారాలకి, బళ్ళో దాచిన మాత్రలు అయిపోయాయి. ఆ మధ్యాహ్నం వేసుకోవడానికి లేక, సాయంత్రం జగ్గయ్యపేట వెళ్ళి కొనుక్కుని, బస్సెక్కి నందిగామ వచ్చాం. దిగేసరికి బస్టాండులో లూర్దమ్మ నిలబడి ఉంది, మాకోసమే.

"అమ్మా, మా కోడలు పాప ఏడుస్తున్నా చూట్టం లేదమ్మా. అన్నం పెడితే తినదు, గోడ వైపు తిరిగి పడుకుంటంది. నాకు భయంగా ఉంది. మీరు చెప్పినట్టే రోజూ తరవాణి పోస్తన్నా. ఇంకా ఎక్కువ పొయ్యాలా?"

"మాత్రలు వేసుకుంటోందా?" అడిగాను నేను.

"ఎప్పుడో ఆపించామమ్మా. ఈ అమ్మ సాక్ష్యం చెప్పిన రోజే కవరు తీసి పారేశా. పొద్దున పెద్దయ్య గారు వచ్చారు ప్రార్థనకి, ఇప్పుడు మళ్ళీ వచ్చారు."

ఫ్లోరెన్స్ చెయ్యి పాత అలవాటుగా గుండెల మీదికి పోయింది.

"రేపు పొద్దున వెళదామా మేడమ్? ఇప్పుడు ఆయనున్నారు," అంది నాతో మెల్లిగా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బళ్ళో గోడకి ఆనుకుని మీరు నాతో ఏమన్నారో గుర్తుందా? ఆ పిల్ల ఇప్పుడు అట్లాగే ఉంది. రేపటిదాకా ఆగుతుందని మీకెవరు చెప్పారు?"

ఆవిడ లూర్దమ్మ వెనకాలే నడిచింది.

రూబీ చాప మీద గోడ వైపు తిరిగి ఉంది. పాప ఉయ్యాల్లో ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. ఆశీర్వాదం గారు కుర్చీలో బైబిలు తెరిచి కూర్చుని ఉన్నారు, కళ్ళజోడు ముక్కు మీదికి జారి, ఆయనా అలిసిపోయి ఉన్నారు. భార్యని చూసి, "మంచి సమయానికొచ్చావు, నువ్వూ నాలుగు మాటలు చెప్పు," అన్నారు.

ఫ్లోరెన్స్ చాప మీద కూర్చుంది. హ్యాండ్‌బ్యాగులోంచి కాపీ పుస్తకాలు తీసి పక్కన పెట్టి, అడుగున చెయ్యి పెట్టి మాత్రల షీటు తీసింది.

"లూర్దమ్మా, కాసిని మంచినీళ్ళివ్వు," అంది. "రూబీ, ఇటు చూడమ్మా. నేను ఆరోజు సగమే చెప్పా. ఇవి దిగులుకి ఇచ్చే మాత్రలు. నేను రోజూ వేసుకుంటున్నా. సాక్ష్యం చెప్పిన రోజు కూడా మధ్యాహ్నం వేసుకున్నా."

రూబీ కదల్లేదు గాని కళ్ళు తెరిచింది. ఫ్లోరెన్స్ మాత్ర నోట్లో వేసుకుని, అందరూ చూస్తుండగా నీళ్ళు తాగింది.

"తరవాణి కూడా తాగుతున్నా. కడుపుకి మంచిదే, నువ్వూ తాగు. దానివల్లే తగ్గిందని మాత్రం నేను చెప్పలేను. డాక్టరమ్మే చెప్పలేనంది. నీ మాత్రలు ఆపమని నీకెవరూ చెప్పకూడదు, నేను అస్సలు చెప్పకూడదు. మళ్ళీ ఎట్లా మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. పొద్దున్నే పోదాం, నేనొస్తా."

"అయితే దేవుడు ముట్టలేదా ఆంటీ?" అంది రూబీ. చాలాసేపటి తర్వాత ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మాట అదేనని లూర్దమ్మ ఏడ్చింది.

"ముట్టాడమ్మా. నన్ను మెట్లెక్కించడానికి ఈ మేడమ్‌ని పంపాడు."

నన్నెవరూ పంపలేదు, భయమేసి వెళ్ళాను. కానీ అది చెప్పే సమయం కాదని ఊరుకున్నాను.

ఆశీర్వాదం గారు ఆ షీటు వంకే చూస్తున్నారు. "ఎప్పట్నుంచి?" అన్నారు.

"విజయవాడ వెళ్ళిన రోజు నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ప్రార్థన చేస్తారని."

"చేస్తే?"

"చేసినా తగ్గకపోతే, తప్పు నాదవుతుందని భయమేసిందండి."

అంత మాటకారి మనిషి, ఎవరింట్లో ఏ కష్టానికైనా వచనం చూపించే మనిషి, భార్యకి చెప్పడానికి ఒక్క ముక్క దొరక్క కూర్చుండిపోయారు. నాకు ఆయన మీద ఉన్న కోపం కాస్తా ఆ క్షణాన పోయింది. ఆయన బైబిలు మూసి, లేచి వెళ్ళి ఉయ్యాల్లో పాపని ఎత్తుకున్నారు. తర్వాత బయటికి వెళ్ళి తెలిసిన డ్రైవరుకి ఫోను చేసి, తెల్లవారేసరికి కారు పంపమన్నారు. ఆ రాత్రి రూబీని ఒంటరిగా వదలొద్దని ఫ్లోరెన్స్ అక్కడే పడుకుంది.

డాక్టరు రూబీకి మళ్ళీ మందులు మొదలుపెట్టాడు. తేరుకోవడానికి చాలా కాలం పట్టింది, ఇప్పటికీ పూర్తిగా తేరుకుందని చెప్పలేను. పాపని ఎత్తుకుని బస్టాండు దాకా వస్తోంది, అంతవరకు నాకు తెలుసు. సంఘంలో కొందరు ఫ్లోరెన్స్‌తో మాట్లాడటం తగ్గించారు. దేవుడి పేరు మీద అబద్ధం చెప్పిందని ఒకావిడ మొహం మీదే అంది. ఇద్దరు ముగ్గురు మాత్రం ఎవరూ లేనప్పుడు పక్కకి పిలిచి ఆ డాక్టరమ్మ ఫోన్ నంబరు అడిగారట. ఫ్లోరెన్స్ అన్నీ విని వస్తుంది, బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోతుంది. అలసట పోలేదు. ఎందుకు అలిసిపోయిందో చెప్పుకునే వీలు మాత్రం వచ్చింది. ఆ మాత్రలు ఇప్పుడు బీరువాలో లేవు, ఇంట్లో టీవీ పక్కన బైబిలు దగ్గరే ఉంటున్నాయి.

మొన్న బస్సు కదలబోతుంటే ఆశీర్వాదం గారు స్కూటరు మీద ఆదరాబాదరాగా వచ్చారు. ఆదివారం ఆరాధనకి వచ్చేవాళ్ళు సగంమంది పొద్దున ఆ బస్టాండులోనే ఉంటారు. వాళ్ళందరి మధ్యనుంచి, మాత్రల షీటు చేత్తో పైకెత్తి పట్టుకుని, కిటికీ దగ్గరికి వచ్చారు.

"హడావిడిలో మర్చిపోయి వచ్చేసిందండి," అన్నారు నాతో, షీటు లోపలికి అందిస్తూ.

కండక్టరు వెంకట్ ఫుట్‌బోర్డు మీదనుంచి వంగి చూసి, "గ్యాస్ మాత్రలా సార్?" అన్నాడు.

ఆశీర్వాదం గారు అటూ ఇటూ చూడలేదు. చర్చిలో పాట నంబరు చెప్పే గొంతుతోనే చెప్పారు.

"కాదు వెంకట్. మనసు బాగుండటానికి వేసుకునే మాత్రలు."